అటూ ఇటూ అరవై ఒక్క మాటలు

ఏడు నెలల మౌనం తర్వాత మా అక్క జలజ నోరు విప్పి అన్న మొదటి మాట "పులుపు".

అప్పుడామె నోట్లో పులుపేమీ లేదు. తల మీద మేం తయారుచేసిన టోపీ ఉంది. ఎదురుగా తెర మీద చింతకాయ బొమ్మ ఉంది. అద్దం వెనక గదిలో నేనూ, డాక్టర్ రెహానా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. "పులుపు," అంది అక్క, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు. రెహానా పెద్ద చదువులు చదివిన మనిషి, ఆ పరిశోధనకంతటికీ అధిపతి. చెప్పులు విడిచి గదిలో గెంతులేసింది. నేను కుర్చీలో కూలబడి ఏడ్చాను. యాభై ఎనిమిదేళ్ళవాడు నలుగురి ముందు అలా ఏడిస్తే బాగుండదని నాకు తెలుసు. తెలిసే ఏడ్చాను.

నా పేరు భీమేశ్వరరావు. విశాఖపట్నంలో, మెదడు గురించి పరిశోధించే ఒక ప్రయోగశాలలో పరికరాలు తయారుచేస్తాను. డాక్టర్ని కాను. డాక్టర్లకు ఆలోచన వస్తుంది, దానికి తీగలు తగిలించి వెలిగించేది నేను. ఆనక వాళ్ళకి పూలదండలు, నాకు చేతి మీద కాలిన మచ్చలు. ఇందులో నాకేం బాధ లేదు, ఉన్నమాట చెబుతున్నానంతే.

అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్దది. మా అమ్మా నాన్నా ఒకే ఏడాదిలో పోయేనాటికి నాకు ఆరేళ్ళు. అక్క మండపేటలో ఒక ప్రెస్సులో కంపోజిటరుగా చేరి నన్ను పెంచింది, చదివించింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరిక లేక" అనేది. నేను మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడిగితే జవాబు నేనే అవుతానని భయం.

కంపోజిటరు పని ఇప్పటివాళ్ళు చూసి ఉండరు. ఒక్కో సీసపు అక్షరానికి ఒక్కో గడి చొప్పున పెద్ద చెక్క కేసు ఉంటుంది. ఎడమ చేతిలో స్టిక్కు అనే ఇనుప పట్టీ. కుడి చెయ్యి గడుల మధ్య తిరిగి అక్షరం ఏరుకొస్తే, ఎడమ బొటనవేలు దాన్ని స్టిక్కులో అదిమి పట్టుకుంటుంది. కాగితం మీద సరిగ్గా పడాలి కాబట్టి సీసం మీద అంతా తిరగేసి ఉంటుంది. పూర్తయిన పేజీని అక్క బల్ల మీద పడుకోబెట్టి కుడి నుంచి ఎడమకి గడగడా చదివేసేది. అచ్చు అయిపోయాక మళ్ళీ ఆ అక్షరాలన్నీ విడదీసి ఏ గడివి ఆ గడిలో వెయ్యాలి. పొద్దున చెయ్యి ఏ దారిన వెళ్ళిందో సాయంత్రం అదే దారిన వెనక్కి రావాలన్నమాట. నలభై ఏళ్ళు మా అక్క చెయ్యి అలా పోయింది, వచ్చింది.

బడి వదిలాక నేను ఆమె బల్ల కిందే ఉండేవాణ్ణి. నాకు విసుగు రాకుండా అక్క ఒక ఆట కనిపెట్టింది. అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకేలా ఉండే మాట చెబితే ఒక పెప్పర్మెంటు. కునుకు, టమాట, నటన, మహిమ, ముఖము. ఒకరోజు "జలజ" అన్నాను.

"నా పేరు చెప్పకూడదురా, అది దొంగాట," అని పెప్పర్మెంటు వెనక్కి లాక్కుంది.

మాటలయ్యాక అంకెలు. ఏదో ఒక సంఖ్య తీసుకో, తిరగేసి కూడు. వచ్చింది అటూ ఇటూ ఒకటి కాకపోతే దాన్నీ తిరగేసి కూడు. యాభై ఏడుకి డెబ్బై ఐదు కలిపితే నూట ముప్ఫై రెండు. దానికి రెండు వందల ముప్ఫై ఒకటి కలిపితే మూడు వందల అరవై మూడు. అయిపోయింది, పెప్పర్మెంటు నాది. నా తొమ్మిదో పుట్టినరోజున మాత్రం నా ఖర్మ కొద్దీ నూట తొంభై ఆరు పట్టుకున్నాను. కూడితే ఎనిమిది వందల ఎనభై ఏడు. మళ్ళీ కూడితే పదహారు వందల డెబ్బై ఐదు. ఆ తర్వాత ఏడు వేల నాలుగు వందల ముప్ఫై ఆరు. ఎంతకీ రాదు. నేను ఏడుపు ముఖం పెట్టాను.

"ఇవాళ్టికి చాల్లే బీమూ," అంది అక్క. "ఏడాదికోటి కూడదాం. నీ పుట్టినరోజుకోటి. వచ్చిన్నాడు డబ్బాడు పెప్పర్మెంట్లు కొనిపెడతాను."

నలభై తొమ్మిదేళ్ళు కూడాం. ఒకే నోటు పుస్తకం. సంఖ్య ఇరవై పైచిలుకు అంకెలకు పెరిగింది. గొప్ప గొప్ప కంప్యూటర్లు కోట్ల అంకెల దాకా కూడి చూసినా ఆ నూట తొంభై ఆరు ఇప్పటికీ లొంగలేదని ఉద్యోగంలో చేరాక చదివి, అక్కకు చెప్పాను.

"వాళ్ళకి ఓపిక చాల్లేదేమోరా," అంది.

పోయిన కార్తీకమాసంలో ఉసిరికాయ పచ్చడి పెడుతూ అక్క రోటి దగ్గర పక్కకు ఒరిగింది. ప్రాణం దక్కింది. కాళ్ళూ చేతులూ దక్కాయి. మాట పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది, తను మాత్రం ఒక్క మాట అనలేదు. కలం ఇస్తే కాగితం మీద గీతలే వచ్చాయి. తల ఊపడంలో కూడా అవునూ కాదూ కలిసిపోయాయి. పైగా చేతులు రెండూ దుప్పటి మీద క్షణం ఊరుకునేవి కావు. ఆసుపత్రివాళ్ళు దానికి వణుకు అని పేరు పెట్టారు.

ఫాల్గుణంలో నా పుట్టినరోజు వచ్చింది. అప్పటికి అక్కను మా ప్రయోగశాల వార్డులో చేర్చి ఉన్నాం. నేను మంచం పక్కనే కూర్చుని, నోటు పుస్తకం తెరిచి, ఆ ఏటి కూడిక చేసి ఆమెకు చూపించాను. అక్క పుస్తకం వైపు చూసింది. అంతే, చేతులు పూనకం వచ్చినట్టు ఊగిపోయాయి. నర్సు పరుగున వచ్చి దుప్పటి కప్పి రెండు చేతులూ అదిమి పట్టుకుంది.

"ఉద్వేగం ఎక్కువైనప్పుడు వణుకు ముదురుతోంది సార్," అంది రెహానా. "ఇంక ఆలస్యం చెయ్యొద్దు. తిరగలి వాడదాం."

మా యంత్రం అసలు పేరు పలకాలంటే నాకే నోరు తిరగదు. గుర్రుమని తిరుగుతుంది కాబట్టి అందరం తిరగలి అనేవాళ్ళం. దాని సూత్రం మాకు ఎలుకలు నేర్పాయి. ఎలుక సందులు తిరిగి తిండి దాకా వెళ్ళి, తిని, కాసేపు కూర్చుంటుంది. ఆ కూర్చున్నప్పుడు దాని మెదడు వచ్చిన దారిని వెనక నుంచి ముందుకి నెమరేసుకుంటుంది, చివరి మలుపు ముందు, మొదటి మలుపు చివర. అలా పోయీ వచ్చీ దారిని గట్టి చేసుకుంటుంది. మాట పోయిన మనిషిలో పోయేదారి తెగింది, వచ్చేదారి ఇంకా ఉంది. తిరగలి ఆ వచ్చేదారిని పట్టుకుని వెనక కొస నుంచి నడిచి, తెగిన చోటు దాకా వచ్చి అతుకు వేస్తుంది. అతుక్కి కావలసిన పోగుల్ని, ఆ మెదడులోనే వచ్చేదారులు బాగా బలంగా ఉన్న మరో చోటు నుంచి లాగుతుంది. ఆ మరో చోటు ఏదైతేనేం అనుకున్నాం. మెదడు పెద్దది, పోగులు చాలా ఉంటాయి అనుకున్నాం.

రోజుకొక మాట. మొదటిది పులుపు, రెండోది కునుకు, మూడోది టమాట. రెహానా తిరగలి గీసిన గీతలు చూసి ఆశ్చర్యపోయింది. అటూ ఇటూ ఒకటే అయిన మాటకు తిరగలి సగం దారి నడిస్తే చాలట, మిగతా సగం ఆ సగమే.  నాకు మాత్రం మా బల్ల కింది ఆట మళ్ళీ మొదలైనట్టు అనిపించింది. ఆ సాయంత్రం డబ్బాడు పెప్పర్మెంట్లు కొని అక్క దిండు పక్కన పెట్టాను. ఆమె డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది, తర్వాత తన చేతుల వైపు చూసుకుంది.

పది మాటలయ్యాక ఇంటికి తీసుకెళ్ళాం. రోజూ పొద్దున తీసుకొచ్చి టోపీ పెట్టడం, మధ్యాహ్నానికి ఇంటికి చేర్చడం. నా భార్య సుభద్రకు అక్క టమాట అనడం మహా ముచ్చట. టమాట చూపిస్తే టమాట అనేది. ఎర్రగా ఉన్న బంతి చూపించినా టమాట అనేది. మా పక్కింటాయన ఎండలో వచ్చి ఎదురుగా కూర్చుంటే అప్పుడూ అదే అంది. ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. అక్క మాత్రం నవ్వలేదు. ఎదురుగా ఏదైనా పెడితే వచ్చే మాటలే అవి. తనకు కావాలనుకున్నప్పుడు వచ్చినది ఒక్కటీ లేదు. కానీ మాట మాటే కదా అని నేను సరిపెట్టుకున్నాను.

వర్షాలు మొదలయ్యేసరికి ఇరవై అయ్యాయి, నలభై అయ్యాయి. నీళ్ళు, కాఫీ, తలుపు, వాన. ఇంకో శుభవార్త, వణుకు తగ్గుతోంది. మాటలు పెరిగే గీత ఒకటి, వణుకు తగ్గే గీత ఒకటి, రెండూ కత్తెరలా దాటుకుంటూ గోడ మీద అందంగా కనిపించేవి. చూడ్డానికి వచ్చిన పెద్దలందరికీ నేనే వేలుపెట్టి చూపించేవాణ్ణి.

"వదిన చేతులు ఊరుకున్నాయేంటండీ?" అంది సుభద్ర ఒకరోజు భోజనాల దగ్గర.

"వణుకు తగ్గింది. మంచిదేగా."

"వణుకులా లేదండీ అది. ఏదో ఏరుకుంటున్నట్టుండేది. ఇప్పుడు చూడండి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎలా కూర్చుందో. ఎవరో వెళ్ళిపోయినట్టు కూర్చుంది."

"నీకు తెలీదులే, ఊరుకో," అన్నాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేను అన్న తెలివితక్కువ మాటలు చాలా ఉన్నాయి. వాటన్నిటికీ పెద్దన్న ఇది.

పేర్లను రెహానా చివరికి ఉంచింది. ఒక పేరు వెనక వేల జ్ఞాపకాలుంటాయి, దారి పొడుగు. అరవై ఒకటో రోజు తెర మీద నా ఫోటో పెట్టారు. తిరగలి చాలాసేపు గుర్రుమంది. అక్క పెదాలు రెండుసార్లు కలిశాయి, విడిపోయాయి.

"బీమూ."

నన్ను అలా పిలిచేది ప్రపంచంలో ఒక్క మనిషి. ఆ పిలుపు పోయి తొమ్మిది నెలలు దాటింది. నేను ఆఫీసు వదిలి బజారుకెళ్ళి, తాపేశ్వరం కాజాలు ఎక్కడ దొరుకుతాయో వెతికి, రెండు కిలోలు తెచ్చి వాచ్‌మన్ దాకా అందరికీ పంచాను. ఆ రోజు నా అంత సుఖంగా ఉన్నవాడు ఊళ్ళో లేడు.

మర్నాడు మధ్యాహ్నం నివేదిక రాయాలి. వణుకు ఎంత తగ్గిందో లెక్క కట్టడానికి పాత వీడియోలు ముందేసుకుని కూర్చున్నాను. చెయ్యి నిమిషానికి ఎన్నిసార్లు కదిలిందో లెక్కపెట్టాలి. కుడి చెయ్యి కదులుతోంది, లెక్కపెడుతున్నాను. ఇరవై, ముప్ఫై. అలా పెడుతూ పెడుతూ, ఎందుకో ఎడమ చేతి వైపు చూశాను.

ఎడమ చెయ్యి ఏమీ ఊగడం లేదు. అరచెయ్యి పైకి తిప్పి, వేళ్ళు మడిచి, దేన్నో పట్టుకున్నట్టుంది. కుడి చెయ్యి దగ్గరకు వచ్చిన ప్రతిసారీ ఎడమ బొటనవేలు దేన్నో అదిమి, ఒక్క పిసరు పక్కకు జరుగుతోంది.

వణుకుకు బొటనవేలు ఉండదు. అది స్టిక్కు పట్టుకున్న చెయ్యి.

 పలచటి కాగితం తీసుకుని మండపేట కేసు గడులు గీశాను. ఏ అక్షరం ఎక్కడుంటుందో మరిచిపోలేదు, అవి సర్దుతూనే కదా పెరిగాను. ఆ కాగితాన్ని తెర మీద, దుప్పటికి సరిపోయేలా అంటించి వీడియో మెల్లగా నడిపాను. ఆమె వేలు ఆగిన గడిలో ఉన్న అక్షరాన్ని పక్కన రాసుకుంటూ వెళ్ళాను.

మొదటి వీడియోలో: నీళ్ళు కాదు మజ్జిగ.

రెండో దాంట్లో: సుభద్రకి జ్వరం చూడరేం.

ఆ రోజు సుభద్రకు నిజంగానే జ్వరం. సాయంత్రం దాకా మాకెవరికీ తెలియలేదు.

తర్వాతది నా పుట్టినరోజునాటిది. నేను పుస్తకం చూపిస్తున్నాను, చేతులు ఊగిపోతున్నాయి. బీమూ చూడు. బీమూ చూడు. బీమూ చూడు. ఏడోసారి బీమూ దగ్గర నర్సు దుప్పటి కప్పేసింది.

అక్క మొదటి రోజు నుంచీ మాట్లాడుతూనే ఉంది. నోటి దారి మూసుకుపోతే చేతి దారిన వచ్చింది. తన చేతులు చూడమని నన్ను బతిమాలుకుంది. నేనేమో తిరగలి పెట్టి, ఆ చేతుల్లోని పోగులే లాగి, టమాట అనిపించి, చప్పట్లు కొట్టాను.

రెహానా నేను చెప్పిందంతా విని మూడు గంటలు కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. లేచాక వచ్చి నా కుర్చీ పక్కన నేల మీదే కూర్చుంది.

"నిజమే సార్. అరవై ఒక్క మాటలకీ పోగులు అక్కడి నుంచే వెళ్ళాయి. అమ్మగారి మెదడులో అంత బలమైన వచ్చేదారి ఇంకెక్కడా లేదు. రోజూ కూర్చడం, రోజూ విడదీయడం. యంత్రం నేరుగా దాని మీదికే పోయింది. నేను చూడలేదు సార్. వణుకు అని ఒక మాట పెట్టేసుకుని, ఇంక చూడలేదు."

"నువ్వు చూడకపోతే తప్పేముందమ్మా. నేను ఆ కేసు కింద పెరిగాను."



"తిప్పి నడపొచ్చు," అంది రెహానా. "చివరి మాటతో మొదలుపెట్టి, వచ్చిన వరస తిరగేసి, ఒక్కో అతుకూ విప్పి పోగుల్ని వెనక్కి పంపొచ్చు. కానీ మాటలన్నీ పోతాయి. పోగులు పాత చోట కుదురుతాయో లేదో తెలీదు. ఎలుకల్లో సగానికే కుదిరింది. అటు మాటా పోయి, ఇటు చేతులూ రాకపోవచ్చు సార్. హామీ ఇవ్వలేను."

చివరి మాటతో మొదలుపెట్టి అంది. చివరి మాట బీమూ.

ఇంటికి వెళ్ళాను. అక్క ప్రెస్సు నుంచి తనతో తెచ్చుకున్న ఒకే ఒక్క కేసులో సుభద్ర కూరగాయల విత్తనాలు దాచుకునేది, ఒక గడిలో బెండ, ఒక గడిలో ఆనప. విషయం చెప్పగానే ఆవిడ ఒక్క ప్రశ్న వెయ్యకుండా విత్తనాలన్నీ చాటలో గుమ్మరించి కేసు తుడిచి ఇచ్చింది. అటక మీది డబ్బాలోంచి సీసపు అక్షరాలు దింపాను. చత్వారం కళ్ళజోడు పెట్టుకుని రెండు రోజులు కూర్చుని ఏ గడివి ఆ గడిలో వేశాను. అక్క మంచం మీద నుంచి చూస్తూనే ఉంది. నేను ఒక అక్షరం తప్పు గడిలో వేసినప్పుడు ఆమె కనుబొమలు ముడిపడడం గమనించాను. నలభై తొమ్మిదేళ్ళ కిందట కూడా అలాగే ముడిపడేవి.

కేసు ఆమె ముందు ఏటవాలుగా పెట్టి, స్టిక్కు ఎడమ చేతిలో ఉంచాను. ఏదీ దాచకుండా చెప్పాను.

"అక్కా, నీ చేతులు నేను చూడలేదు. నన్ను తిట్టుకో. ఇప్పుడు రెండు దార్లున్నాయి. ఇలాగే ఉంచేస్తే అరవై ఒక్క మాటలుంటాయి, చేతుల్లో మిగిలిన కాస్తా అలాగే ఉంటుంది. తిప్పేస్తే మాటలు పోతాయి. చేతులు రావచ్చు, రాకపోవచ్చు. రెండూ పోవచ్చు. నేను చెప్పను. నువ్వే చెప్పు."

కుడి చెయ్యి లేచింది. గాలిలో ఆగింది. ఒకప్పుడు కళ్ళు మూసుకుని ఏరిన చెయ్యి, చీకట్లో గొళ్ళెం వెతుక్కునేవాళ్ళలా గడి గడికీ తడుముకుంది. ఒక అక్షరం తీసి, చూసి, వెనక్కి వేసింది. సుభద్ర నా భుజం పట్టుకుంది. గంట పట్టిందేమో. మూడు సీసపు ముక్కలు స్టిక్కులో చేరాయి. అక్క చెమటలు కక్కుతూ వెనక్కి వాలింది.

నా కళ్ళకు ఏమీ కనిపించడం లేదు. సుభద్రే రబ్బరు స్టాంపు సిరా అద్ది, కాగితం అదిమి, తీసి చదివింది.

"తిప్పు అని ఉందండీ."

మర్నాడు పొద్దున టోపీ సర్దుతున్నాను. తెర ఇంకా వెలిగించలేదు, నా ఫోటో లేదు, ఏ బొమ్మా లేదు. అక్క నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది. నా ముఖంలోకి చూసింది. ఎవరూ అడగలేదు, ఎవరూ చూపించలేదు. తనంతట తనే అంది.

"బీమూ."

"అక్కా," అన్నాను.

టోపీ పెట్టమని సైగ చేసింది. పెట్టాను. తిరగలి వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. పావుగంట తర్వాత తెర మీద నా ఫోటో వస్తే అక్క చూసింది, పెదాలు కదిపింది, మాట రాలేదు. ఆ మొదటి పిలుపు రికార్డింగు ఉందని, కావాలంటే ఇస్తానని రెహానా అంది. వద్దన్నాను. ఆ పొద్దున చొక్కా పట్టుకుని పిలిచిన పిలుపు రికార్డు కాలేదు, నాకు అది చాలు.

ఆ తర్వాత రోజుకొకటి పోయింది. వాన పోయింది. తలుపు పోయింది. కాఫీ, నీళ్ళు పోయాయి. వచ్చినప్పుడు గంతులేసిన మేం పోతున్నప్పుడు ఒక్కోదాన్నీ నిలబడి సాగనంపాం. దసరాలు వెళ్ళాయి. టమాట పోయిన రోజు సుభద్ర వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. అరవై ఒకటో రోజున చింతకాయ బొమ్మ పెట్టారు. "పులుపు," అంది అక్క, మొదటిసారి అన్నంత స్పష్టంగా. తిరగలి ఆగింది. మళ్ళీ చూపిస్తే ఏమీ అనలేదు.

చేతులు మాత్రం ఒళ్ళోంచి లేవలేదు. వారం చూశాం. పది రోజులు చూశాం. కేసు మంచం పక్కనే ఉంది. రెహానా రోజూ సాయంత్రం వచ్చి దుప్పటి వైపు చూసి వెళ్ళేది. పదకొండో రోజు నేను స్నానాల గదిలో కుళాయి తిప్పి పెట్టి ఏడ్చాను. ఉన్న గొంతు లాగేసి, ఇచ్చిన మాటలు లాగేసి, మనిషిని మూగదాన్ని చేసిన తమ్ముణ్ణి నేను.

కార్తీకం వచ్చింది. సుభద్ర ఉసిరికాయలు తెచ్చి, కిందటేడు ఆగిపోయిన పచ్చడి మళ్ళీ మొదలుపెట్టింది. పొద్దున్న పదింటప్పుడు రోటి పక్క నుంచి పెద్దగా కేక వేసింది.

"ఏవండీ! వదిన చేతులు!"

పరిగెత్తాను. దుప్పటి మీద కుడి చెయ్యి కదులుతోంది. ఎడమ బొటనవేలు అదుముతోంది. కేసు దగ్గరకు జరిపి స్టిక్కు ఇచ్చాను. ఈసారి తడుముకోలేదు. నెమ్మదిగానే, కానీ వెళ్ళాల్సిన గడికే వెళ్ళింది. ఒక వరస నిండింది, ఇంకో వరస మొదలైంది. సీసం మీద సీసం పడే ఆ చిన్న చప్పుడు విని ఎన్నాళ్ళయిందో.

నాకు ఏం రాసిందో తెలుసనుకున్నాను. చేతులు చూడు అనో, ఎందుకు చూడలేదనో ఉంటుంది. తిడుతుంది, తిట్టాలి. సిరా అద్ది కాగితం అదిమి తీశాను.

బీమూ చూడు. పుట్టినరోజు కూడిక తప్పు. మూడో అంకె.

మూడుసార్లు చదివాను. అంటే ఆ రోజు, నర్సు దుప్పటి కప్పిన రోజు, ఆమె చూడమన్నది చేతుల్ని కాదు. నలభై తొమ్మిదేళ్ళ లెక్క నేను పాడుచేస్తుంటే ఓర్వలేక అరిచింది. ఎనిమిది నెలల పాటు ఆ తప్పు మనసులో పెట్టుకుని కూర్చుంది. నాకు నవ్వు వచ్చింది. నవ్వుతుంటే ఏడుపు వచ్చింది. ఆ రెండింటి మధ్యలోనే అడిగాను.

"ఎటు నుంచి మూడోది అక్కా?"

చెయ్యి మళ్ళీ గడుల్లోకి వెళ్ళింది. సుభద్ర పచ్చడి చేతులతోనే వచ్చి వంగి చూస్తోంది.

రెండు వైపులా. ఎక్కించుకోడమే తప్పు. మళ్ళీ కూడు.

నోటు పుస్తకం తెచ్చి చూశాను. నిజమే. కిందటేటి సంఖ్యను పైన తిరిగి రాసుకునేటప్పుడే మూడో అంకె, తొమ్మిది ఉండాల్సిన చోట ఏడు వేశాను. దాన్ని తిరగేసి కూడేసరికి అటు మూడోదీ ఇటు మూడోదీ రెండూ తప్పాయి. అక్క మంచం పక్కన బుద్ధిగా కూర్చుని, ఒక్కో అంకే ఆమెకు చూపిస్తూ మళ్ళీ కూడాను. ఆమె కుడి నుంచి ఎడమకి ఒకసారి, ఎడమ నుంచి కుడికి ఒకసారి చదువుకుంది.

అటూ ఇటూ ఒకటి కాలేదు. అక్క పెప్పర్మెంట్ల డబ్బా తీసి తన దిండు కింద పెట్టేసుకుంది. వచ్చే ఫాల్గుణంలో మళ్ళీ కూడాలి.